దానచింతామణి అత్తిమబ్బె

రాయచూరు జిల్లాలోని గోరేబాళ పరిసరములలో కన్నడముతోపాటు తెలుగును తరచు వినబడును. తుంగభద్ర కాలువనీరు పారిన పిమ్మట కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి వచ్చి ఈ సీమలో నిలదొక్కుకొన్న తెలుగు కుటుంబములు పెక్కు గలవు. తూర్పు తీరమునుండి ఇటు వచ్చుట క్రొత్త సంగతి కాదు. వేయేండ్ల క్రిందట గుంటూరు సీమకు చెందిన ఒక జైన కుటుంబము ఇట్లే పడమటికి వచ్చి, రాజుల కొలువున చేరి, పేరు తెచ్చుకొనెను. గోరేబాళనుండి కొప్పళ మీదుగా గదగునకు పోవు బాటలో, గదగు ఇంక సుమారు 12 కిలోమీటర్లు ఉన్నదనగా లక్కుండి గ్రామము వచ్చును. అక్కడి పెద్ద జినాలయమును కట్టించినది ఆ తెలుగు కుటుంబపు ఆడపడుచే. ఆమె పేరు అత్తిమబ్బె. అబ్బె యనగా ఆనాటి కన్నడమున తల్లి. లోకము ఆమెకు దానచింతామణి యని బిరుదిచ్చెను.

వేంగిమండలములో కమ్మనాడను సీమ కలదు. నేటి గుంటూరు, బాపట్ల, ప్రకాశం జిల్లాల ప్రాంతమే అది. ఆ కమ్మనాటిలోని పుంగనూరు ఆమె పూర్వుల ఊరు. (చిత్తూరు జిల్లా పుంగనూరు వేరు, ఇది వేరు.) తాత నాగమయ్య కౌండిన్య గోత్రపు బ్రాహ్మణుడు, జినధర్మమును స్వీకరించినవాడు. ఆయన కుమారులు మల్లపయ్య, పొన్నమయ్య. ఇద్దరును కత్తి పట్టినవారే గాని పుస్తకమన్న ప్రాణము పెట్టువారు. మల్లపయ్య కుమార్తె అత్తిమబ్బె. ఆమె చెల్లెలు గుండమబ్బె.

అన్నదమ్ములకు జినచంద్రదేవుడు గురువు. ఆయన దేహము చాలించినప్పుడు మల్లపయ్య, పొన్నమయ్యలు గురువు పేర నిలిచిపోవు కార్యమొకటి చేయదలచిరి. గుడియో సత్రమో కట్టింపవచ్చును. వారు అట్లు చేయక, రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుని ఆస్థానమున ఉభయకవిచక్రవర్తి యనిపించుకొన్న పొన్న కవిచేత పదునారవ తీర్థంకరుడైన శాంతినాథుని చరిత్రమును కన్నడమున పురాణముగా వ్రాయించిరి. అదియే శాంతిపురాణము. కొంతకాలమునకు పొన్నమయ్య యుద్ధములో మరణించెను. ఆ విధముగా శాంతిపురాణము ఆ ఇంట ఉత్త పుస్తకము కాలేదు. అందులో గురువు జ్ఞాపకమును, పినతండ్రి జ్ఞాపకమును కలసి యున్నవి. అత్తిమబ్బె చేసిన మహాదానమునకు మూలమిక్కడనే కలదని గ్రహింపవలెను.

ఆమె యౌవనములో రాజ్యములు తలక్రిందులైనవి. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటము, అనగా నేటి మళఖేడము, 972లో మాళవరాజు సీయకుని చేతిలో కొల్లగొట్టబడెను. మరుసటి ఏట చాళుక్య తైలపుడు రాష్ట్రకూటులను కూలద్రోసి తన వంశమును నిలిపెను. ఏలుబడి మారినను మల్లపయ్య పలుకుబడి తగ్గలేదు. తైలపుని కొలువులో దండనాయకుడయ్యెను. తైలపుని మహామంత్రి ధల్లపుడు. ఆయన కుమారుడు నాగదేవుడు పిన్ననాటనే రణరంగములలో పేరు తెచ్చుకొన్నవాడు. ఈ నాగదేవునికే అత్తిమబ్బె, గుండమబ్బె ఇద్దరిని ఇచ్చి వివాహము చేసిరి. అక్కచెల్లెండ్రు సవతులైనను వారి నడుమ కలతలున్నట్లు ఎక్కడను చెప్పబడలేదు. అత్తిమబ్బెకు ఒక కుమారుడు కలిగెను. అతడు అణ్ణిగదేవుడు.

నాగదేవుడు యుద్ధములో మరణించెను. గుండమబ్బె భర్తతో చితి నెక్కెను. ఆనాటి దండనాయకుల ఇండ్లలో అట్టి మరణమునకు గొప్ప కీర్తి యుండెను. శిలలు నిలిపించి కొనియాడుచుండిరి. చెల్లెలు అట్లు పోగా అక్క బ్రతికియుండుట సులభమైన పని కాదు. పసివాడున్నాడు, అంతకుమించి, ఆత్మహింస జినధర్మమునకు సమ్మతము కాదు. అత్తిమబ్బె వ్రతనియమములతో దేహమును శోషింపజేసికొనుచు, కుమారుని పెంచుచు, ఇంటి ఆస్తిని తన చేతిమీదుగా ధర్మమునకు వినియోగించెను. చెల్లెలి సాహసము ఒక్క దినములో ముగిసెను. అక్క సాహసము దశాబ్దములపాటు ప్రతి దినమును సాగవలసి వచ్చెను. ఈ రెంటిలో ఏది కఠినమో సంసారము నడిపినవారికి తెలియును.

జైనులకు దానములు నాలుగు: ఆహారము, ఔషధము, అభయము, శాస్త్రము. మొదటి మూడింటి ఫలము కంటికి కనబడును. శాస్త్రదానమునకు అంత ప్రాధాన్యమెందుకో తెలియుటకు ధవళ టీకలోని వృత్తాంతమును తలచుకొనవలెను. గిరినగరపు గుహలో వృద్ధుడైన ధరసేనాచార్యుడు తనతో శ్రుతజ్ఞానము అంతరించిపోవునని కలతచెంది, దక్షిణాపథమున కూడిన సాధువులకు కబురంపెను. వారు ఆంధ్రవిషయములోని వేణానది తీరమునుండి ఇద్దరు బుద్ధిమంతులైన మునులను పంపిరి. వారే పుష్పదంత, భూతబలులు. నోటినుండి నోటికి వచ్చుచున్న జ్ఞానము వారి వలన షట్ఖండాగమముగా గ్రంథరూపమున కెక్కెను. జ్యేష్ఠ శుక్ల పంచమినాడు శ్రుతపంచమి యని దిగంబరులు పుస్తకపూజ చేయునది ఇందుకొరకే. శ్వేతాంబరులకు కార్తిక శుక్ల పంచమి, జ్ఞానపంచమి, అట్టిదే. అత్తిమబ్బె పెరిగినది ఇట్టి సంప్రదాయములో.

ఆమె చేసిన దానములలో రెండు లెక్కలు నిలిచియున్నవి. రత్నములు పొదిగిన బంగారు జినబింబములు 1500 చేయించి ఇచ్చెను. పొన్న కవి శాంతిపురాణమునకు వేయి ప్రతులు వ్రాయించి పంచిపెట్టెను. మొదటిది విన్నవారు ముక్కుమీద వ్రేలు వేసికొందురు. వర్తకులైనవారు రెండవదానిని లెక్క వేసి చూచిన, అదియే పెద్ద కార్యమని తెలియును.

ఆ కాలపు పుస్తకమనగా తాటాకు కట్ట. సామాన్య తాటియాకు కొంత మందము. శ్రీతాళపు ఆకు వెడల్పుగా, పలుచగా, మెత్తగా నుండును. లేత ఆకులు కోసి, ఈనెలు తీసి, నీడన ఆరబెట్టి, నీళ్లలో ఉడకబెట్టి, మరల ఆరవేయుదురు. నున్నని రాతితోనో గవ్వతోనో రుద్ది మెరుగు పెట్టుదురు. ఒకే కొలతకు కత్తిరించి, త్రాడు దూర్చుటకు రంధ్రములు వేయుదురు. అప్పటికి అది కాగితముతో సమానము; ఇంకను ఒక్క అక్షరము పడలేదు.

వ్రాయసకాడు ఆకును ఎడమచేత పట్టి, కుడిచేత ఉక్కు గంటము పట్టును. కుడిచేయి అంతగా కదలదు. ఎడమ బొటనవ్రేలు గంటమును ఒత్తిపట్టి ఆకును జరుపుచుండును. తాటాకునకు నార పొడవునా పోవును. ఆ నారవెంట తిన్నగా గట్టి గీత గీచిన ఆకు చీలును. దక్షిణదేశపు అక్షరములు గుండ్రముగా తిరుగుటకు ఇదియే కారణమని చెప్పుదురు. నాగరిలిపిలో తలమీద అడ్డగీత పొడవుగా సాగును. ఆ లిపివారు ఆకుమీద సిరాతో వ్రాసిరి గనుక సరిపోయెను. తెలుగు, కన్నడములకు ఆనాడు లిపి ఇంచుమించు ఒక్కటే. చిన్న తలకట్టు, దాని క్రింద గుండ్రని మలుపు. కమ్మనాటివాడు వ్రాసినను, గదగువాడు వ్రాసినను చూపునకు పెద్ద భేదము తోచదు.

గీచిన వెంటనే అక్షరము కనబడదు. ఆకు రంగే గీత రంగు. వ్రాత ముగిసిన పిమ్మట దీపపు మసిని నూనెలోనో ఆకుపసరులోనో కలిపి ఆకంతయు పూసి గుడ్డతో తుడిచినప్పుడు, గీతలలో నిలిచిన నలుపు అక్షరమై పైకి వచ్చును. అంతవరకును వ్రాయసకాడు చేతి అలవాటుతోనే నడచును. తప్పు పడినచో తుడుచుటకు వీలులేదు. కొట్టివేసి ప్రక్కన వ్రాయవలెను. పదమునకు పదమునకు నడుమ ఎడము విడుచుట కూడ లేదు. కొందరు నేర్పరులు ఆశ్వాసము ముగిసిన చోట నిలువు గీతల నడుమ చిన్న పువ్వు చెక్కుదురు. అలంకారమంతయు అంతే. చివర పైనను క్రిందను చెక్కపలకలు పెట్టి త్రాడు బిగించి, గుడ్డలో చుట్టుదురు.

ఇక లెక్క. శాంతిపురాణము పన్నెండు ఆశ్వాసముల గ్రంథము. ఒక్కొక్క ప్రతికి 150 ఆకులనుకొన్నను, వేయి ప్రతులకు లక్షా యేబదివేల ఆకులు కావలెను. మంచి చేయిగల వ్రాయసకాడు రెండు మాసములలో ఒక ప్రతి ముగించుననుకొన్న, ఒక్కడే కూర్చున్నచో 2000 మాసములు, అనగా 166 ఏండ్లు దాటును. ఏబదిమందిని కూర్చుండబెట్టినను మూడేండ్లకు మించును. ఇవి ఊహకు వేసికొన్న అంకెలే. అయినను పని బరువు తెలియుటకు చాలును. ఆకులు చెడకుండ తెప్పింపవలెను. వ్రాయసకాండ్రకు కూడు, గుడ్డ, కూలి చూడవలెను. మూలముతో సరిచూచు పండితులు వేరుగా కావలెను. బంగారమైన నాణ్యమెరిగిన కంసాలికి తూచి అప్పగించి, బింబమును తూచి తీసికొనవచ్చును. అక్షరములను త్రాసులో వేయ వీలుకాదు. కంట వత్తి వేసికొని చదివించుకొననిదే సరకు మంచిదో చెడ్డదో తెలియదు. ఐరోపాలో గూటెన్‌బర్గు అచ్చుయంత్రముతో బైబిలును ముద్రించినది దీనికి నాలుగున్నర శతాబ్దముల తరువాత, 1455 ప్రాంతమున. యంత్రమున్నను ఆ ముద్రణలో వేసిన ప్రతులు సుమారు 180. అత్తిమబ్బె చేతివ్రాతతో వేయి చేయించెను.

అక్షరమును ఆరాధించుటకు మరియొక మార్గము కలదు. గుజరాతు, రాజస్థాన భాండారములలోని కల్పసూత్ర ప్రతులను దర్శించిన కుటుంబములకు అది తెలిసినదే. కాగితమునకు ఎరుపో నీలమో నిండుగా పూసి, దానిమీద బంగారు సిరాతో అక్షరములు దిద్దుదురు. బంగారు రేకును జిగురుతో కలిపి మెత్తగా నూరి, చక్కెరనీటితో కడిగి తేర్చి, అడుగున నిలిచిన పొడిని మరల జిగురులో కలిపి సిరా చేయుదురు. వెనుకటి తాళపత్రమున త్రాటి రంధ్రమున్న చోటును, కాగితము వచ్చి త్రాడు పోయిన పిమ్మట కూడ, నలుపలకల పువ్వుగా విడిచి అలంకరింతురు. అక్షరముల నడుమ ఖాళీలను నేర్పుతో విడుచుచు ఆ ఖాళీలతోనే బొమ్మలు తెప్పించు లేఖకులును ఉండిరి. 1439లో మాండూలో చిత్రములతో ఒక కల్పసూత్రము సిద్ధమయ్యెను. 1465లో జౌన్‌పూరులో ఒక శ్రావిక వ్రాయించిన కల్పసూత్రము బంగారు అక్షరములదే. దక్షిణమున మూడబిదరె సిద్ధాంత బసదిలోని ధవళ ప్రతులు తాళపత్రముల మీద సిరాతో వ్రాసి, రంగుల బొమ్మలు వేసినవి. అవి పండ్రెండవ శతాబ్దపు ఆరంభమునాటివి, అనగా అత్తిమబ్బెకు ఒక శతాబ్దము తరువాతివి. అత్తిమబ్బె కాలముననే ఐరోపా మఠములలో క్రైస్తవ సన్యాసులు తోలుపుటలమీద మొదటి అక్షరమును అరచేయంత పెద్దదిగా వ్రాసి, తీగెలు, మృగములు, బంగారుపూత పెట్టుచుండిరి. దేశమేదైనను భక్తుని మనస్సు ఒకటే.

బంగారు అక్షరముల పుస్తకము కన్నుల పండువు. కాని అది భాండారములో పట్టుగుడ్డల నడుమ నుండి ఏడాదికొకమారు వెలికి వచ్చును. గంటపు వ్రాతకు బంగారుపూత పట్టదు. మసియే దానికి సొమ్ము. అత్తిమబ్బె చేతిలో బంగారము లేక మసితో సరిపెట్టుకొనలేదు. 1500 బింబములు చేయించిన చేయి అది. ఒక్క పుస్తకమును బంగారముతో నింపుటకు మారుగా వేయి చోట్ల చదువుకొను పుస్తకములు పెట్టదలచెను. ఆమె కోరినది దర్శనము కాదు, పఠనము. వ్యాపారములో గిడ్డంగి ఒక్కటే ఉన్నవాడు ఒక్క నిప్పురవ్వతో నష్టపోవును. సరకు పది ఊళ్లలో ఉన్నవాడు నిలుచును. చెదలు, తేమ, నిప్పు, దండయాత్ర — తాళపత్రమునకు శత్రువులు నలుగురు. మంచి ఆకైనను కొన్ని వందల యేండ్లకు పొడియగును. ఆలోపల ఎవరో ఒకరు తిరిగి వ్రాయవలెను. మూలములెన్ని ఊళ్లలో ఉండునో, తిరిగి వ్రాయువాడు దొరకు ఆశ అంత.

1500 బింబములలోని బంగారము ఎన్ని మూసలలో కరగెనో! శాంతిపురాణము మాత్రము నేటికిని అచ్చులో దొరకుచున్నది.

తెలుగువారు ఇక్కడ ఒక్క మాట తలచుకొనవలెను. పంప కవి పూర్వులది వేంగినాడే. ఆయన తమ్ముడు జినవల్లభుడు కరీంనగరము సీమలోని కుర్క్యాలలో చెక్కించిన శాసనములో తెలుగు కంద పద్యములు కలవు. కనుక పదవ శతాబ్దమున జైనులకు తెలుగు కవిత్వము చేతనైనదే. కాని ఆ కాలమున తెలుగులో వ్రాసిన జైన పురాణము ఒక్కటియు నేడు చేతికి రాలేదు. కుర్క్యాల పద్యములు బ్రతికినది బండమీద చెక్కుటచేతనే. కమ్మనాటి ఆడపడుచు వ్రాయసకాండ్రను కూర్చుండబెట్టినది కన్నడ గ్రంథమునకు; మన భాషకు అట్టి దాత దొరకలేదు. దీనికి ఆమెను తప్పుపట్టుట న్యాయము కాదు. తండ్రి వ్రాయించిన పుస్తకము ఏ భాషలో నున్నదో ఆ భాషనే ఆమె కాపాడెను.

పాత పుస్తకమును నిలుపుటతో ఆమె ఊరకుండలేదు. క్రొత్తదానిని కూడ వ్రాయించెను. ముధోళలో గాజులమ్ముకొను కుటుంబములో 949లో పుట్టిన రన్నడను కుర్రవాడు చదువుమీది ఆశతో ఇల్లు విడిచి శ్రవణబెళగొళ చేరి, అజితసేనాచార్యుని వద్ద శిష్యరికము చేసెను. గొమ్మటేశ్వరుని నిలిపిన చావుండరాయుడు అతనిని ఆదరించెను. తరువాత చాళుక్యుల ఆస్థానమున కవిచక్రవర్తి యయ్యెను. వర్తకుల బిడ్డకు విద్య ఎందుకని ఆ ఇంట ఎవరైన అనుకొనియుందురేమో, అట్లనుకొన్నవారు పొరపడిరి. అత్తిమబ్బె ప్రోత్సాహమున రన్నడు 993లో అజితపురాణమును ముగించెను. రెండవ తీర్థంకరుని చరిత్రమది. గ్రంథారంభమున ఆమె పుట్టినింటిని, మెట్టినింటిని, ఆమె వ్రతములను, దానములను విస్తరించి చెప్పెను. నాగమయ్యనుండి గుండమబ్బె చితివరకు నేడు లోకమునకు తెలిసినదానిలో ఎక్కువ పాలు రన్న కవి పెట్టిన భిక్షయే. కవికి ఈమెపై ఎంత గౌరవమనగా, తన కుమారునికి చావుండరాయుని పేర రాయడనియు, కుమార్తెకు అత్తిమబ్బె యనియు పేర్లు పెట్టుకొనెను.

ఆమెను గూర్చిన మహిమలును పెక్కు వాడుకలో గలవు. జినబింబమును శిరసున ధరించి దిగగా గోదావరి వరద ఆగి దారి ఇచ్చెనందురు. గొమ్మటేశ్వరుని దర్శించువరకు ఆహారము ముట్టనని పట్టుబట్టి బెళగొళ కొండ ఎక్కి అలసినప్పుడు, వేళకాని వేళ వాన కురిసి ఆమెను సేదదీర్చెనందురు. నమ్మువారు నమ్ముదురు. ఆమె బ్రతికియున్న కాలముననే ఇట్టి మాటలు శిలమీద కెక్కుట మాత్రము విశేషము. జనము ఒక వితంతువును ఆ దృష్టితో చూచిన కాలము అరుదు.

ఆ శిల లక్కుండిలోనిదే. ఆ ఊరిని అప్పుడు లొక్కిగుండి యనిరి. తైలపుని అనంతరము ఆయన కుమారుడు సత్యాశ్రయుడు ఏలుచుండగా అత్తిమబ్బె అక్కడ జినాలయమును కట్టించి, దాని పోషణకు దానమిచ్చెను. శాసనము శకవర్షము 929నాటిది, అనగా క్రీ. శ. 1007. బ్రహ్మ జినాలయమని నేడు పిలుచునది ఇదియే. అంతకు ముందు గుళ్లకు వాడిన ముతక ఇసుకరాయికి మారుగా ఇక్కడ మెత్తని, నున్నని రాతిని వాడిరి. ఉలి లోతుగా దిగు రాయి గనుక సన్నని పని దానిమీద సాధ్యమైనది. చాళుక్యుల తరువాతి గుళ్లు అనేకము ఆ మార్గమునే పట్టినవి. లోపల నాలుగు ముఖముల బ్రహ్మ విగ్రహమొకటి కలదు. గుడి నేడు పురావస్తుశాఖ రక్షణలో నున్నది. కర్ణాటక ప్రభుత్వము ఆమె పేర దానచింతామణి అత్తిమబ్బె పురస్కారమును నెలకొల్పెను.

కొప్పళ మీదుగా గదగునకు సరకు పనిమీద పోవువారు లక్కుండిలో ఒక గంట ఆగిన నష్టము లేదు. శాసనపు అక్షరములు తెలుగు చదివినవానికి మొదట తెలియవు. కొంతసేపు నిలిచి చూచిన చిన్న తలకట్టును, దాని క్రింద గుండ్రని మలుపును కనబడి, న, మ, ర వంటి అక్షరములు ఒకటొకటిగా పోల్చుకొనుటకు వచ్చును.